వ్రాయసకాని చేతిని ఎరిగిన యంత్రము

రెండు వందల ఏండ్ల నాటి తాటాకు ప్రతి ఒకటి పరిష్కర్త ముందు తెరచియున్నదనుకొందము. గంటముతో గీచిన గీతలలో మసి నిలిచినచోట అక్షరము కనబడుచున్నది, నిలువనిచోట లేదు. ఆకు అంచులను పురుగు తిన్నది. వ్రాసినవాడు ఎవడో, ఏ ఊరివాడో తెలియదు. అతడు చూచి వ్రాసిన మాతృక ఎన్నడో నశించినది. అయినను ఆ పండితుడు పద్యమును ఒక్కమారు పైకి చదువుకొని, మూడవ పాదముపై వ్రేలుంచి, ‘ఇచ్చట ఒక అక్షరము పోయినది’ అనును. ఆ పద్యము ఆయనకు అంతకుమునుపు రాదు. కవి హృదయము ఇంకను పూర్తిగా బోధపడలేదు. అర్థము తెలియకమునుపే తప్పు ఎట్లు తెలిసినది?

ఛందస్సు చెప్పినది. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు; వానిలో ఏది గురువో ఏది లఘువో ఆ క్రమము నిశ్చితము; మొదటి అక్షరమునకును 10వ అక్షరమునకును యతిమైత్రి ఉండవలెను; నాలుగు పాదములలోను రెండవ అక్షరపు హల్లు ఒక్కటే కావలెను. వ్రాయసకాడు ఒక అక్షరమును మింగినచో లెక్క 19కి దిగును. దీర్ఘమును హ్రస్వము చేసినచో గణము విరుగును. ప్రాసస్థానమున పకారమును వకారముగ గీచినచో తక్కిన మూడు పాదములు అతనిపై సాక్ష్యము చెప్పును. ఈ పరీక్షలలో ఏదియు పద్యము యొక్క అర్థమును అడుగదు. అక్షరముల నడుమనున్న సంబంధములను మాత్రమే అడుగును.

మన కావ్యములను కాపాడిన ఈ కట్టుబాటును ఇంత విస్తరించి చెప్పుటకు కారణమున్నది. నేడు భౌతికశాస్త్రజ్ఞులు నిర్మింపబూనిన క్వాంటం కంప్యూటరులో అర్థమును చదువుటయే నిషిద్ధము. చదివిన మరుక్షణమున ఆ అర్థము చెరిగిపోవును. అట్టి యంత్రములో తప్పులను పట్టవలెనన్న, అర్థమును తాకక సంబంధములను మాత్రమే అడుగు ఛందస్సు ఒకటి దానికి కావలెను. ఆ ఛందస్సు 1990లలోనే లభించినది. ఆ పిమ్మట కొరతపడినది, అది చూపిన భంగములను చూచి లిప్తలో తీర్పు చెప్పగల పండితుడు. ఆ పాండిత్యమును ఇప్పుడు యంత్రమునకే అభ్యాసము చేయించుచున్నారు. దానినే మెషిన్ లెర్నింగ్ అందురు.

ఒరిగిపోవు బొంగరము

మన ఇండ్లలోని కంప్యూటరునందు సమాచారపు కనీసపు తునక బిట్. అది 0 గాని, 1 గాని. దీపము వెలుగుటయో ఆరుటయో తప్ప మూడవ అవస్థ దానికి లేదు. క్యూబిట్ అట్లు కాదు. తిరుగుచున్న బొంగరము యొక్క ఇరుసును మనసున తలచుకొనుడు. అది నిలువుగ పైకి చూచిన 0 అనియు, క్రిందికి చూచిన 1 అనియు అనుకొన్నచో, క్యూబిట్ ఇరుసు ఈ రెండింటి నడుమ ఏ దిక్కునకైనను చూడగలదు. క్వాంటం గణనమన ఇట్టి బొంగరములను పెక్కింటిని ఒకదానితోనొకటి పెనవేసి, వాని దిక్కులను అతి సూక్ష్మముగ త్రిప్పుటయే. గణనము జరుగుచుండగా మనము తొంగి చూచినచో ఇరుసు నిట్టనిలువుగ పైకో క్రిందికో పడిపోవును. అంతవరకు అది మోసిన సూక్ష్మమైన ఒరపు, అనగా గణనపు సారము, నశించును.

గూగుల్, ఐబీఎం సంస్థలు వాడు క్యూబిట్లు చిప్పుపై సూపర్‌కండక్టింగ్ లోహముతో గీచిన విద్యుద్వలయములు. కంటికి ఆనునంతటి వలయము సైతము పరమాణువువలె క్వాంటం నియమములకు లోబడునని 1980లలో ప్రయోగపూర్వకముగ చూపినందులకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ అను ముగ్గురికి 2025 భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. ఈ చిప్పులను పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో నూరవ వంతు పాటి దూరమున, అంతరిక్షముకంటెను చల్లగ, శీతలయంత్రములలో వ్రేలాడదీసి ఉంచుదురు.

అంత జాగ్రత్తలోను తప్పులు తప్పుట లేదు. త్రిప్పవలసిన స్పందనము వెంట్రుకవాసి ఎక్కువైనచో ఇరుసు అంతమేర ఎక్కువగా ఒరుగును. ఒక క్యూబిట్‌ను త్రిప్పబోగా ప్రక్కది కదలును. లోహములోని కంటికందని లోపమొకటి దాని శక్తిని పీల్చును. ఆకాశమునుండి వచ్చిన కాస్మిక్ కిరణమొకటి చిప్పును తాకి ఒక్కపెట్టున పెక్కు క్యూబిట్లను కలచివేయును. ఇన్ని కారణములచేత, మేలైన చిప్పులలో సైతము ఇంచుమించు కొన్ని వందల చర్యలకో, మహా అయిన వేయి చర్యలకో ఒక తప్పు దొరలుచున్నది. లోకమునకు పనికివచ్చు గణనమునకైతే కోట్లకొలది చర్యలు వరుసగా తప్పులేక సాగవలెను. ఈ రెండు సంఖ్యల నడుమనున్న అగాధమును పూడ్చుటయే క్వాంటం దోషసవరణము. చిప్పును ఇంకను శుద్ధముగ చేయుటచేత మాత్రమే ఆ అగాధము పూడునని నమ్మువారు ఈ రంగమున దాదాపు లేరు.

నకలు తీయరాని నిధి

తప్పులను దిద్దు సంకేతముల విద్య క్వాంటమునకు పూర్వమే పుట్టినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు వారాంతములందు రిలేల కంప్యూటరుకు లెక్కలు అప్పగించి పోవువాడు. తప్పు దొరలినప్పుడెల్ల ఆ యంత్రము దానిని పసిగట్టి, లెక్కను అక్కడనే విడిచి మరొకదానికి పోయెడిది. తప్పున్నదని తెలిసికొనగల యంత్రము, తప్పెక్కడనో తెలిసికొని తానే ఏల దిద్దుకొనరాదని ఆయనకు కలిగిన విసుగునుండి పుట్టినవే 1950లో ఆయన ప్రకటించిన దోషసవరణ సంకేతములు. ఈ సందర్భమున మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారిని స్మరింపక ముందుకు సాగుట నాకు మనసొప్పదు. హడగళిలో తెలుగు ఇంట జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలోని భారతీయ సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరిన ఆ మహనీయుడు, ప్రయోగములను పొదుపుగ అమర్చుటకై 1940లలో కల్పించిన ‘ఆర్థోగొనల్ అరే’లు అను సంఖ్యల పట్టికలు, హామింగ్ సంకేతములకు అద్దములోని ప్రతిబింబముల వంటివని ఆ తరువాత తేలినది. సంకేతముల విద్యలో హామింగ్ పేర నున్న హద్దునకు ప్రయోగముల అమరికలో రావుగారి పేర నున్న హద్దు జోడు.

సాధారణ బిట్లకు రక్షణ సులభము. వేదపాఠకులు ఒకే వాక్యమును పదముగను, క్రమముగను, జటగను, ఘనగను పలుమార్లు ముందువెనుకలుగ మడిచి వల్లించి స్వరము సైతము చెడకుండ కాపాడినట్లే, బిట్‌ను మూడుమార్లు వ్రాసిపెట్టి, ఒకటి మారినచో తక్కిన రెండింటి మాట చెల్లించవచ్చును. క్యూబిట్‌కు ఈ దారి మూసియున్నది. అజ్ఞాతమైన క్వాంటం స్థితికి నకలు తీయుట ప్రకృతిలోనే అసాధ్యమని 1982లో వూటర్స్, జూరెక్ అనువారును, వేరుగ డీక్స్ అను శాస్త్రజ్ఞుడును నిరూపించిరి. చదువరాదు, నకలు తీయరాదు. ఇక తప్పు దిద్దుట ఎట్లు? ఈ ప్రశ్న యెదుట పెక్కుమంది పెద్దలు క్వాంటం కంప్యూటరు కాగితమునకే పరిమితమని తేల్చివేసిరి.

పెద్ద సంఖ్యలను క్వాంటం యంత్రము సులువుగ కారణాంకములుగ విడగొట్టగలదని 1994లో చూపిన పీటర్ షోర్ మహాశయుడే 1995లో ఈ ముడిని విప్పెను. నకళ్ళు తీయనక్కరలేదు; ఒక్క క్యూబిట్ మోయవలసిన అర్థమును 9 క్యూబిట్ల పరస్పర సంబంధములలో పరచివేసినచో చాలును. అప్పుడు ఏ ఒక్క క్యూబిట్‌లోను అర్థము ఉండదు. పద్యపు రసము ఏ ఒక్క అక్షరములోను లేనట్లే. అన్ని క్యూబిట్లు కలిసి మోయు ఆ అర్థమునకు తార్కిక క్యూబిట్ అని పేరు.

చుక్కల ముగ్గులో కాపలా

షోర్ వేసిన దారిలో పుట్టిన పద్ధతులలో ఈనాడు ప్రసిద్ధికెక్కినది అలెక్సీ కిటాయెవ్ ఊహలనుండి వచ్చిన సర్ఫేస్ కోడ్. దానిని చూపుటకు మన వాకిటి ముగ్గే చాలును. అయిదు వరుసలలో అయిదేసి చుక్కలు పెట్టుడు. ఈ 25 చుక్కలును సమాచారమును మోయు క్యూబిట్లు. ఇప్పుడు నాలుగేసి చుక్కల నడుమ ఒక్కొక్కటి చొప్పున సందు చుక్కలు పెట్టుడు. అవి 16 అగును. అంచులవెంట రెండేసి చుక్కలను పట్టుకొనునట్లు మరి 8 చేర్చుడు. ఈ 24 సందు చుక్కలు కాపరులు. మొత్తము 49 క్యూబిట్లు కలిసి ఒకే ఒక్క తార్కిక క్యూబిట్‌ను కాచుచున్నవి.

కాపరి తన చుట్టునున్న నాలుగు చుక్కలను ‘నీవు ఏమి?’ అని విడివిడిగ అడుగదు. అట్లడిగిన అర్థము చెడును. ‘మీలో తలక్రిందులైనవారి సంఖ్య సరియా, బేసియా?’ అని అందరిని కలిపి ఒక్క ప్రశ్న మాత్రమే అడుగును. కాపరులు చదరంగపు గళ్ళవలె రెండు జాతులు: ఇరుసు 0 నుండి 1కి తలక్రిందులైనదా అని ఒక జాతి విచారించును, ఇరుసు ప్రక్కవాటుగ తిరిగిపోయినదా అని రెండవ జాతి విచారించును. గణములు ఒక విధపు తప్పును, యతిప్రాసలు మరొక విధపు తప్పును పట్టినట్లే ఇదియును.

ఇచ్చట ప్రకృతి మనకు చేసిన ఒక మహోపకారమున్నది. ఇరుసు ఏ కొంచెమైనను ఒరుగవచ్చునని చెప్పితిని గదా. అట్టి అనంతమైన చిన్నచిన్న ఒరపులను దిద్దుట ఎవ్వరి తరము? కాని కాపరి ప్రశ్న అడిగినంతనే, ఆ అరకొర ఒరపు ‘తప్పే లేదు’ అనియో, ‘పూర్తిగ తప్పినది’ అనియో రెండింటిలో ఒకటిగ తేలవలసివచ్చును. అక్షరము లఘువో గురువో కావలెనే గాని నడుమ నిలువరాదు. ప్రశ్నయే తప్పును నికరమైన తప్పుగ మార్చుచున్నది.

ముగ్గు నడుమనున్న చుక్క యొకటి తలక్రిందులైనదనుకొందము. దానికి మూలమూలలనున్న రెండు కాపరులు, ఆ జాతివి, ఒక్కమారే గంట కొట్టును. వాని వరుసలోనే రెండవ చుక్కయు చెడినచో ఏమగును? రెండింటికి ఉమ్మడియైన కాపరికి చెడినవి రెండు, అనగా సరిసంఖ్య; అది మౌనము వహించును. గంట కొట్టునవి గొలుసు చివరలనున్న కాపరులు మాత్రమే. మూడు చెడినను అంతే. గొలుసు అంచును తాకినచో ఒకే గంట వినబడును. ఇది చాలదన్నట్లు కాపరియు క్యూబిట్టే. దాని మాటయు తప్పవచ్చును. అందువలన ఒక్కసారి అడిగి ఊరకుండక, మరల మరల, సెకనుకు ఇంచుమించు పదిలక్షల మార్లు అడుగుచుందురు; ఇట్లు అడుగు ఒక్కొక్క మారు ఒక వంతు. ఒక కాపరి ఒక వంతులో గంట కొట్టి మరుసటి వంతులో ఏమియు ఎరుగనట్లున్నచో, చుక్క చెడలేదు, కాపరియే పొరబడెనని ఊహింపవచ్చును.

పెట్టె: ముగ్గు పెరిగినకొలది

3 వరుసల ముగ్గునకు 9 చుక్కలు, 8 కాపరులు, మొత్తము 17 క్యూబిట్లు. 5 వరుసలకు 49. 7 వరుసలకు 97. 11 వరుసలకు 241. వరుసలు పెరిగినకొలది అర్థము చెడుటకు పొడుగైన తప్పుల గొలుసు కావలెను గనుక రక్షణ పెరుగవలెను. కాని క్యూబిట్లు పెరిగినకొలది తప్పులును పెరుగును. ఈ పోటీలో రక్షణ గెలువవలెనన్న ఒక్కొక్క క్యూబిట్ తప్పు నూటికి ఒకటి అను పాటి గడపకు దిగువన ఉండవలెను. 2024లో గూగుల్ వారి విల్లో చిప్పు ఆ గడపను దాటినట్లు చూపిరి: 3 నుండి 5కు, 5 నుండి 7కు ముగ్గును పెంచిన ప్రతిసారియు తార్కిక క్యూబిట్ తప్పు 2.14 రెట్లు తగ్గినది. 7 వరుసల ముగ్గునందు ఒక్కొక్క వంతుకు తప్పు 0.143 శాతము. అది తనలోని మిక్కిలి మేలైన ఒంటరి క్యూబిట్‌కంటె రెండు రెట్లకు మించి బ్రతికినది.

సాక్ష్యమున్నది, తీర్పు ఏది?

కాపరులు ఇచ్చునది సాక్ష్యము మాత్రమే. గంటలు మ్రోగిన చోటులు తెలియును; వాని నడుమ తప్పుల గొలుసు ఏ దారిన నడచినదో తెలియదు. ఒకే విధముగ గంటలు మ్రోగించు గొలుసులు అసంఖ్యాకములు. ఆ దారిని ఊహించు కార్యక్రమమునకు డీకోడరు అని పేరు. అదియే మన పరిష్కర్త.

పరిష్కర్తకు ఒక సౌలభ్యము కలదు. ఏయే చుక్కలు చెడినవో అక్షరాల చెప్పనక్కరలేదు. తాను ఊహించిన గొలుసును, నిజముగ జరిగిన గొలుసును ఒకదానిపై ఒకటి వేసినప్పుడు అవి మూసికొని ఒక వలయమైనచో అర్థమునకు హాని లేదు. ముగ్గు ఒక అంచునుండి ఎదుటి అంచువరకు గీత సాగినచో అర్థము తలక్రిందులగును. కావున కోట్లకొలది గంటల వెనుకనున్న ప్రశ్న ఒక్కటే: అర్థము తిరుగబడెనా, లేదా?

దీనికి చిరకాలముగ వాడుచున్న ఉపాయము, గంట కొట్టిన కాపరులను రెండేసి చొప్పున జతపరచుట; మొత్తము మీద దారి మిక్కిలి పొట్టిగనుండునట్లు జోడులు కుదుర్చుట. జాక్ ఎడ్మండ్స్ 1965లో ప్రకటించిన గణితవిధానము ఈ జోడులను చకచక కుదుర్చును. దీని వెనుకనున్న నమ్మకము సరళము: తప్పులు అరుదు, కావున తక్కువ తప్పులతో సాక్ష్యమునకు సమాధానము చెప్పు కథయే నమ్మదగినది. పరిష్కర్తలలోను ఇట్టి సూత్రమున్నది. తక్కువ అక్షరములు మార్చి ఛందస్సు కుదిర్చిన పాఠమును పట్టుకొనుట.

కాని పాతప్రతులతో జీవితము గడపినవారెవ్వరును ఆ సూత్రముతో తృప్తిపడరు. కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరయొద్ద పనిచేసిన పండితులు ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు ముందిడుకొని పాఠములను పోల్చి సరిచూచిరి. అట్టి పనిలో చేయి తిరిగినవానికి కొంతకాలమునకు అక్షరములతోబాటు వ్రాయసగాండ్రును కనబడుదురు. ఒకడు ఒత్తులు వదలును. ఒకడు ధకారమునకు థకారము గీచును. ఒకడు పైపంక్తిలోని మాట క్రిందిపంక్తిలో మరల కనబడినచో నడుమనున్నదంతయు విడిచి అక్కడికి దుముకును. ఈ చివరివాని ప్రతిలో 30 అక్షరములు పోయినచో అవి 30 తప్పులు కావు, ఒక్క దుముకు. తప్పుల సంఖ్యను మాత్రమే లెక్కించు పరిష్కర్త ఇచ్చట ఘోరముగ పొరబడును.

చిప్పును సరిగ్గా ఇట్టి వ్రాయసకానితోనే పోల్చవలెను. దాని తప్పులు ఒకదానికొకటి సంబంధము లేని విడితప్పులు కావు. రెండు జాతుల కాపరులను ఒక్కసారిగ కదిలించు తప్పు కలదు. జాతికొక లెక్క వేరువేరుగ చూచు జతకట్టు విధానమునకు అది రెండు తప్పులుగ కనబడును. ప్రక్కప్రక్క క్యూబిట్లు జంటగ చెడుట కలదు. ఒక్కొక్కప్పుడు క్యూబిట్ 0ను 1ని రెండింటిని వదలి పైమెట్టునకు జారిపోయి, పలు వంతులపాటు అచ్చటనే నిలిచి, చుట్టునున్న కాపరుల మాటలనన్నిటిని పాడుచేయును. ఈ పోకడలను ఒక్కొక్కదానిని గుర్తించి సూత్రములలో ఇమిడ్చినవారు లేకపోలేదు. టెన్సర్ నెట్‌వర్క్ అను విధానము, సాధ్యమైన గొలుసులనన్నిటిని కలిపి తూచును. దాని తీర్పు మిక్కిలి నిశితము, కాని ముగ్గు పెరిగినకొలది అది మోయరాని భారమగును.

చేయిని ఎరుగుట

న్యూరల్ నెట్‌వర్కులతో ఈ పని చేయించవచ్చునని 2017లో జాకొమో టోర్లాయి, రోజర్ మెల్కో చూపిరి. ఆ పిమ్మట పలువురు చిన్న ముగ్గులపై ప్రయత్నించిరి. నిజమైన చిప్పు సాక్ష్యముపై, సూత్రబద్ధులైన పండితులను మించిన ఫలితముగ పేరొందినది, గూగుల్ డీప్‌మైండ్, గూగుల్ క్వాంటం ఏఐ శాస్త్రజ్ఞులు కలిసి 2024 నవంబరులో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ఆల్ఫాక్యూబిట్.

దాని నిర్మాణము నేడు మనతో మాటలాడు భాషాయంత్రముల నిర్మాణమునకు చుట్టము. అది ప్రతి కాపరికిని ఒక్కొక్క జ్ఞాపకపు గడిని కేటాయించును. వంతు వంతుకు కొత్త సాక్ష్యము వచ్చినప్పుడు, ప్రతి గడియు తన కాపరి చెప్పినదానిని, తనకు మునుపు తెలిసినదానిని, ఇతర గడులు ఏమనుకొనుచున్నవో దానిని కలిపి తన అభిప్రాయమును సవరించుకొనును. ఏ గడి ఏ గడిమాటకు ఎంత విలువ ఈయవలెనో ముందుగా ఎవ్వరును చెప్పరు. కోట్లాది ఉదాహరణములు చూచి అది తానే నేర్చుకొనును. చివరకు గడులన్నిటి జ్ఞాపకమును కలిపి, అర్థము తిరుగబడియుండుటకు అవకాశమెంతయో ఒక్క సంఖ్యగ చెప్పును. ఈ చివరి సంగతి నాకు మిక్కిలి నచ్చినది. ‘అవును’, ‘కాదు’ అని ఊరక తీర్పు చెప్పక, తన తీర్పుపై తనకెంత నమ్మకమున్నదో సైతము చెప్పు పరిష్కర్తయే నిజమైన పరిష్కర్త. సందిగ్ధపాఠమును పీఠికలో సందిగ్ధమనియే చూపిన సంపాదకునివంటిదది.

అభ్యాసము రెండు మెట్లలో సాగినది. మొదట, క్వాంటం చిప్పును అనుకరించు సాధారణ కంప్యూటరునుండి కోట్లకొలది కల్పిత ఉదాహరణములు చూపిరి. ఇది విద్యార్థికి ఛందస్సును, లోకములోని వ్రాయసగాండ్ర సామాన్య దోషములను నేర్పుటవంటిది. ఆ పిదప, సికమోర్ అను నిజమైన చిప్పునుండి వచ్చిన కొన్నివేల ఉదాహరణములు మాత్రము చూపి సానపట్టిరి; ఇది ఫలానా వ్రాయసకాని చేతిని ఎరుగుట. ఆ చిప్పులోని ఏ మూల క్యూబిట్ బలహీనమో, ఏ రెండింటికి పొత్తు ఎక్కువయో ఎవ్వరును పట్టికగ వ్రాసి ఈయలేదు. సాక్ష్యములోనే అది ఇమిడియున్నది. శ్రద్ధతో చదివినవానికి పట్టుబడినది.

49 క్యూబిట్ల వరకు గల ఆ పరీక్షలో ఆల్ఫాక్యూబిట్ చేసిన తప్పులు, టెన్సర్ నెట్‌వర్క్ విధానముకంటె 6 శాతము, జతకట్టు విధానములలో మెరుగైనదానికంటె 30 శాతము తక్కువ. 6 శాతము చిన్నదని తోచవచ్చును. కాని టెన్సర్ విధానము తనంతట తానే దాదాపు కొసకు వచ్చినది, వేగమున పనికిరానిది. అనుకరణ ప్రయోగములలో 241 క్యూబిట్ల ముగ్గు వరకును ఈ నేర్పు నిలిచినది. 25 వంతుల ఉదాహరణములతో చదువుకొన్నది, 1,00,000 వంతుల పరీక్షలోను తొట్రుపడలేదు. కాపరి మాటను ‘సరి’, ‘బేసి’ అని గుండ్రముగ కోయక, ‘సరి కావచ్చును, అంత స్పష్టముగ లేదు’ అన్నంత మెత్తదనముతో అందించినప్పుడు దాని తీర్పు మరింత నిశితమైనది. చెరిగిన అక్షరమును చెరిగినదనియే చూపుట, ఏదో ఒక అక్షరమని ముందే తేల్చి చూపుటకంటె పండితునకు ఉపకారము గదా.

పెట్టె: సరియైన జవాబు ఎక్కడిది?

అభ్యాసమునకు ప్రశ్నతోబాటు సరియైన జవాబును కావలెను. అర్థమును చదువరాని యంత్రములో జవాబు ఎట్లు తెలియును? శాస్త్రజ్ఞులు తమకు ముందే తెలిసిన అర్థమును, ఉదాహరణకు 0ను, ముగ్గులో నిలిపి ప్రయోగము మొదలుపెట్టుదురు. నడుమ వంతులలో కాపరులను మాత్రమే అడుగుదురు. కడపట ఒక్కమారు చుక్కలనన్నిటిని చదివివేయుదురు. అప్పటికి చెడినను నష్టము లేదు. పెట్టిన అర్థమే వచ్చినదా, తిరుగబడినదా అన్నదే ఆ సాక్ష్యమునకు జవాబు. ఇట్లు తెలిసిన పద్యములతో తర్ఫీదైనవాడు తెలియని పద్యమునకు పరిష్కర్త అగును.

వెనుకబడిన తీర్పు తీర్పు కాదు

నైపుణ్యము చాలదు, వేగము కావలెను. సూపర్‌కండక్టింగ్ చిప్పులో కాపరుల వంతు ఒక్కటి ముగియుటకు సెకనులో పదిలక్షవ వంతుకు కొంచెము మించును. కళ్ళమునందు ధాన్యము తూర్పారబట్టువాడు ఒక్కడుండి, బండ్లు వరుసగ వచ్చి కుప్పలు పోయుచున్నవనుకొనుడు. అతడు బండ్లకంటె ఏ కొంచెము నెమ్మదియైనను కుప్ప పెరుగుచునే పోవును. క్వాంటం గణనములో ఇంతకంటెను చిక్కు: కొన్ని చర్యలు చేయబోవుటకు ముందు అంతవరకు జరిగిన తప్పుల తీర్పు తెలిసియుండవలెను. తీర్పు కొరకు వేచినంతసేపు కాపరులు ఊరకుండరు, క్రొత్త సాక్ష్యము కుప్పపడుచుండును, తదుపరి తీర్పు ఇంకను ఆలస్యమగును, ఆలస్యమే ఆలస్యమును రెట్టించుచు యంత్రమును నిలిపివేయును.

ప్రకటించిన నాటి ఆల్ఫాక్యూబిట్ ఈ వేగమును అందుకొనలేదు. దాని రచయితలే ఆ మాట దాచక చెప్పిరి. విల్లో చిప్పు ప్రయోగములో 2.14 అను ఆ మేలైన సంఖ్య, ప్రయోగము ముగిసిన తరువాత తీరికగ న్యూరల్ నెట్‌వర్కు ఇచ్చిన తీర్పులతో లభించినది. ప్రయోగము జరుగుచుండగనే తీర్పు చెప్పుటకు, 5 వరుసల ముగ్గుపై, సూత్రబద్ధమైన త్వరిత విధానమునే నిలిపిరి. అది సగటున 63 మైక్రోసెకన్ల వెనుకపాటుతో, ఆ వెనుకపాటు పెరుగనీయక, పదిలక్షల వంతుల వరకు నడచినది. నిశితమైన పండితుడు ఒకడు, చురుకైన పండితుడు మరొకడు; ఇద్దరిని ఒకనిగ చేయుట ఈ రంగమున నేటి ముఖ్యమైన శ్రమ. పెద్ద నెట్‌వర్కు నేర్చినదానిని చిన్న నెట్‌వర్కుకు మప్పుట, ఆ చిన్నదానిని ప్రత్యేక చిప్పులపై చెక్కుట అందులోని మార్గములు.

యంత్రాభ్యసనము పనికివచ్చునది తీర్పునకు మాత్రమే కాదు. 2023లో యేల్ విశ్వవిద్యాలయమున డెవొరే బృందము, దోషసవరణము నడుపు స్పందనముల కొలతలనే అభ్యాసయంత్రముచేత సర్దించి, సవరింపబడిన క్యూబిట్‌ను సవరణలేని మేలైనదానికంటె 2.27 రెట్లు ఎక్కువ కాలము నిలిపినది. మొదటి విధానము తప్పులు దిద్దు పండితుని తర్ఫీదు చేయుచున్నది. ఈ రెండవది వ్రాయసకాని చేతికి గంటము పట్టు నేర్పుచున్నది.

నేర్వదగినవారు ఎవరు?

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్నకు ఒక్క కొలత చాలును. నేడు బ్యాంకులను, ఉత్తరములను కాపాడుచున్న 2048 బిట్ల తాళమును షోర్ విధానముతో విప్పుటకు రెండు కోట్ల క్యూబిట్లు, 8 గంటల కాలము కావలెనని 2019లో గిడ్నీ, ఎకెరా లెక్కకట్టిరి. 2025లో గిడ్నీయే ఆ లెక్కను మరల కట్టి, వారమునకు లోబడిన కాలములో, పదిలక్షలకు లోబడిన క్యూబిట్లతో సాధ్యమని చూపెను. క్యూబిట్లు మారలేదు, అవే దోషములు గల క్యూబిట్లు. దోషసవరణమును, గణనమును పొదుపుగ అమర్చు తెలివి పెరిగినది. ఔషధముల, లోహముల అణునిర్మాణమును లెక్కించుట వంటి శుభకార్యములకును ఇట్టి పొదుపే దారి. తీర్పు నిశితమైనకొలది చిన్న ముగ్గే పెద్ద ముగ్గు పని చేయును గనుక, మంచి పరిష్కర్త వేలకొలది క్యూబిట్లకు బదులు నిలుచును.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ఐబీఎం, టీసీఎస్ కలిసి అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరు గల యంత్రమును నెలకొల్పుదుమని ప్రకటించినవి. యంత్రము వచ్చుట సంతోషమే. దానికంటె నేను ఆశించునది వేరొకటి. డీకోడరు రచనకు శీతలయంత్రము అక్కరలేదు. తప్పులను అనుకరించు స్టిమ్ అను కార్యక్రమము, జోడులు కుదుర్చు పైమ్యాచింగ్ అనునది ఎవ్వరికైనను ఉచితముగ లభించుచున్నవి. గూగుల్ ప్రయోగములలోని నిజమైన సాక్ష్యపు పట్టికలు కొన్ని బహిరంగముగ ఉంచబడినవి. గణితము తెలిసిన విద్యార్థి గుంటూరులోనో వరంగల్లులోనో సామాన్యమైన కంప్యూటరు ముందు కూర్చుండి, 17 క్యూబిట్ల ముగ్గుకు పరిష్కర్తను తానే అభ్యాసము చేయింపగలడు. రావుగారి జాతికి ఇది పరాయి విద్య కాదు.

అట్టివారి కొరకు మిగిలియున్న చిక్కులలో ఒకటి చెప్పెదను. విల్లో చిప్పుపై, ముగ్గును వదలి ఒక జాతి తప్పులను మాత్రమే కాచు పొడుగైన వరుసను 29 మెట్లవరకు పెంచి చూచిరి. రక్షణ పెరిగి పెరిగి ఒకచోట ఆగిపోయినది. గంటకు ఇంచుమించు ఒక్కమారు, అనగా సుమారు 300 కోట్ల వంతులకొకమారు, చిప్పులో పెక్కు క్యూబిట్లు ఒక్కపెట్టున చెడుచున్నవి. వెనుకటి చిప్పులను కలచిన కాస్మిక్ కిరణపు తాకిడులకు ఇవి వేరని శాస్త్రజ్ఞులు గమనించిరి. ఉదాహరణములు చూచి నేర్చు యంత్రమునకు ఇది కఠినపరీక్ష, ఏలయనగా గంటసేపు కాచుకొన్నను అది చూడగలిగిన ఉదాహరణము ఒక్కటే.